బోర్డు మీద ఎండ

జర్మనీలో మా అమ్మాయి మైత్రి చదివే బడిలో కాలు పెట్టగానే ముందు తగిలేది తడి స్పాంజి వాసన. డార్మ్‌స్టాట్‌లో అంత పెద్ద టెక్నికల్ యూనివర్సిటీ ఉన్నా ఈ చిన్నపిల్లల బడిలో ఇంకా సుద్దముక్కతోనే రాస్తారు, బకెట్టులో ముంచిన స్పాంజితోనే తుడుస్తారు. ఆ చెమ్మ, ఆ సుద్ద, వరండాలో వరసగా పేర్చిన పిల్లల ఉన్ని చెప్పులు, డబ్బాల్లో మిగిలిపోయి నల్లబడుతున్న ఆపిల్ ముక్కలు, అన్నీ కలిసిన ఆ వాసన నవంబరు నెలలో ఒక మధ్యాహ్నం ముక్కుకు తగిలినప్పుడు ఎవరికైనా హాయిగానే ఉండాలి. నాకు మాత్రం గుమ్మంలోంచే వెనక్కి పోబుద్ధయింది. ముప్పై ఎనిమిదేళ్ళ దాన్ని, ఆఫీసులో పదిమంది ముందు నిలబడి గంటసేపు మాట్లాడగలదాన్ని, మూడో తరగతి పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, టీచరు వచ్చేలోపు కోటు బొత్తాం తిప్పుతూ ఉన్నాను. ఆ బొత్తాం ఊడేదాకా తిప్పుతున్న సంగతి నాకే తెలియలేదు.

జమ్మికుంటలో నేను చిన్నప్పుడు చదివిన బడి అంతకుముందు ఒక రైసుమిల్లు వాళ్ళ గోదాము. మిల్లు మూతపడ్డాక లోపల నాలుగు తడకలు అడ్డం కట్టి, బయట ఇంగ్లీషు మీడియం అని రాయించి, దాన్ని బడి చేశారు. ఎన్నేళ్ళయినా ఆ గోడల్లోంచి తౌడు వాసన పోలేదు. ఎండాకాలం రేకులు కాగి ఆ వాసన వేడివేడిగా నెత్తిమీదికి దిగేది, వానాకాలం ముక్కిపోయి పుల్లగా ఉండేది, చలికాలం పొద్దున ప్రార్థన ముగించి లోపలికి వస్తే మాత్రం పక్కింట్లో ఎవరో వడ్లు దంపుతున్నట్టు కమ్మగా ఉండేది. తడకకు ఇవతల మా నాలుగో తరగతి, అవతల ఐదో తరగతి. మా సారు చెప్పే నదుల పేర్లలోకి వాళ్ళ పదహారో ఎక్కం వచ్చి పడేది, మేము నవ్వితే అటు సారు బెత్తంతో తడకమీద కొట్టేవాడు, దుమ్ము రాలేది. గంట కొడితే చాలు, బయట తుమ్మచెట్టు నీడలో పుల్ల ఐసు బండి, ఉప్పూకారం చల్లిన జామకాయలు, రేగుపండ్ల గంపతో ఒక ముసలామె. ఆడపిల్లలం గౌను అంచు మోకాళ్ళ కింద దోపుకుని కచ్చకాయలు ఆడేవాళ్ళం, ఓడిన వాళ్ళ వీపు మీద గెలిచిన వాళ్ళు రెండు చరుపులు చరిచేవాళ్ళు. బడి బయట ఉన్నంతసేపూ నాకు బడంటే ఎంత ఇష్టమో!

బడి లోపల నల్లబోర్డు ఉండేది. మూడో తరగతి దాకా దానికి రంగు వేసే పని మాదే. శనివారం మధ్యాహ్నం బొగ్గు నూరి, దొండాకు పసరులో కలిపి, గుడ్డపీలికతో పూస్తే చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యేవి, బోర్డు సోమవారం పొద్దుటికి గరుకుగా ఆరిపోయి ఉండేది, దాని మీద సుద్ద గీస్తే మల్లెపూవులా తెల్లగా కనిపించేది. నాలుగో తరగతికి వచ్చేసరికి బడి ఓనరుకు ఏం బుద్ధి పుట్టిందో, గేటుకు వేయగా మిగిలిన నల్ల పెయింటు తెచ్చి బోర్డుకు పూయించాడు. తళతళా మెరిసింది. అందరూ భేష్ అన్నారు. కుడి గోడకు గోదాము కాలం నాటి పెద్ద తలుపు ఉండేది, అది తీయకపోతే లోపల చీకటి, తీస్తే అన్నం బెల్లు తర్వాత ఎండ నేరుగా బోర్డు మీద పడి, ఎడమ పక్క వెనక మూలన కూర్చున్న వాళ్ళ కళ్ళల్లోకి కొట్టేది. ఎడమ పక్క ఆడపిల్లల వరస. అన్నం బెల్లు తర్వాత లెక్కలు.

నెలనెలా యూనిట్ టెస్టు పేపర్లు ఇచ్చిన రోజు మా క్లాసు సారు తలుపు దగ్గరికి వేసి, "సంచులు తీస్కోని అందరు గోడకు నిలవడుండ్రి" అనేవాడు. మార్కుల వరసలో పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరే వెళ్ళి ముందు బెంచీ నుంచి కూర్చుంటూ పోవాలి. మొదట పిలిచిన వాళ్ళు సంచి ఊపుకుంటూ వెళ్ళేవాళ్ళు, నడిమి వాళ్ళు ఊపిరి పీల్చుకుని వెళ్ళేవాళ్ళు, చివరికి గోడకు ఆనుకుని ముగ్గురో నలుగురో మిగిలేవాళ్ళం. ఆ మిగిలిన వాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు, అందరం బెంచీల వైపే చూసేవాళ్ళం. సారు చెడ్డవాడేం కాదు. జ్వరం వస్తే సైకిలు మీద ఇంటికి దింపేవాడు, దసరా సెలవులకు ముందు తన డబ్బులతో చాక్లెట్లు పంచేవాడు. అయినా ఆ రోజు ఆయన నోట నా పేరు కోసం ఎదురు చూసిన ఎదురుచూపు నేను ఈ జన్మలో మరచిపోను.

అందరికంటే చివరి పేరు ఎప్పుడూ రజితది. వాళ్ళ నాయిన పత్తి మార్కెట్లో హమాలీ. రజితకు నోటిలెక్క ఎంత వచ్చంటే, బస్తాల తూకాలు పది చెప్పినా వేళ్ళు ముడవకుండా కూడి చెప్పేది, కాంటా దగ్గరి పెద్దవాళ్ళు కాగితం మీద కూడి చూసుకుని ముక్కున వేలేసుకునేవాళ్ళు. బోర్డు మీది లెక్క మాత్రం నోటుబుక్కులో తప్పుగా ఎక్కించుకునేది, ఎందుకంటే మూడు ఏదో ఎనిమిది ఏదో మా మూలకు కనిపించేది కాదు. పక్కనే కూర్చున్న నేను ఆమె తప్పును చూసి ఎక్కించుకునేదాన్ని. ఇద్దరి తప్పులూ ఒకటే కాబట్టి కాపీ కొట్టామని ఇద్దరికీ చెరో దెబ్బ.

విచిత్రం ఏమిటంటే, వానలు పడితే నాకు మార్కులు వచ్చేవి. బోనాలు దాటి, ముసురు పట్టి, మక్కకంకులు కాల్చే పొగ బజారంతా కమ్ముకునే రోజుల్లో రాసిన టెస్టులో నేను ఆఖరి బెంచీ నుంచి మూడో బెంచీకి వచ్చాను. ఇంట్లో మా నాయినమ్మ, అదే మా బాపమ్మ, పోచమ్మకు కల్లు సాక పోసిన పుణ్యమని తేల్చింది, బాపు తను తిట్టిన తిట్లు పనిచేశాయని మీసం దువ్వుకున్నాడు. ఆ ఏడు బతుకమ్మకు బాపమ్మ తంగేడు పూలు కట్టలు కట్టలు తెప్పించి, నువ్వుల సద్దిలో నాకోసం బెల్లం ఎక్కువ వేసి, వాడకట్టు ఆడవాళ్ళందరికీ "మా పిల్లకు మూడో బెంచీ అచ్చింది" అని చెప్పుకుంది. దసరా సెలవులు అయ్యాక మబ్బులు పోయాయి, చలికాలపు ఎండ ఇంకా ఏటవాలుగా వచ్చి మా వరసలో మూడో బెంచీ దాకా కళ్ళల్లోకి కొట్టింది, నేను తిరిగి గోడకు ఆనుకున్నాను.

నేను చెప్పలేదనుకోకండి. ఒకరోజు లేచి నిలబడి, "సార్, బోర్డు మెరుస్తంది, కనవడ్తలేదు" అన్నాను. "సదువు మీద మనసు లేనోళ్ళకు బోర్డు ఎట్ల కనవడ్తది?" అన్నాడు సారు, క్లాసంతా నవ్వింది. ముందు బెంచీల వాళ్ళకు నిజంగానే అన్నీ కనిపిస్తున్నాయి మరి. ఇంటికొచ్చి బాపుకు చెబితే, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉన్నది నీ కథ" అన్నాడు. ఆ మద్దెల నిజంగానే ఓటిదని నాకు అప్పుడు తెలియదు, కాబట్టి నాకే ఆట రాదని నమ్మాను. ఆ తర్వాత పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. అబద్ధం కాదు, నిజంగానే నొచ్చేది. బాపమ్మ వాము నలిపి నోట్లో పోసి, ఉప్పూ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసి, సంచి నా భుజానికి తగిలించి పంపేది. ఆరో తరగతిలో బడి సొంత బిల్డింగుకు మారింది, కొత్త బోర్డు వచ్చింది, నా మార్కులు మెల్లగా లేచాయి, దానికి అందరూ నాకు బుద్ధి వచ్చిందన్నారు. రజిత ఐదో తరగతి తర్వాతే బడి మానేసి పత్తి ఏరడానికి పోయింది. "దానికి సదువు అబ్బలే" అన్నారు. నేనూ అన్నాను.

ఇంత పడ్డదాన్ని, నా బిడ్డ విషయంలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండొద్దా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇక్కడ నాలుగో తరగతి చివర టీచరు సిఫారసు రాస్తుంది, ఈ పిల్ల గిమ్నాజియుంకు పోవచ్చా, వేరే బడికి పోవాలా అని. గిమ్నాజియుం అంటే యూనివర్సిటీకి పోయే దారి. ఫ్రాంక్‌ఫర్ట్ రైల్లో నాతోపాటు ఆఫీసుకు వచ్చే మన హైదరాబాద్ అమ్మాయి ఒకతె, "ఫస్ట్ బెంచీ అడిగినవా అక్కా? మనం అడగకపోతే వాళ్ళెందుకు ఇస్తరు?" అంది. అంతే, సెప్టెంబరులో తల్లిదండ్రుల మీటింగులో అందరి ముందు చేయి ఎత్తి, మా అమ్మాయిని ముందు కూర్చోబెట్టండి అని నాకు వచ్చిన జర్మన్‌లో అడిగాను. మిగతా తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ క్లాసులో బెంచీల వరసలే లేవు. నాలుగేసి బల్లలు కలిపి గుంపులుగా వేసి ఉంటాయి, ఎవరి పక్కన ఎవరో నెలనెలా చీటీలు తీస్తారు. టీచరు ఫ్రావ్ కెలర్ మీకు అంత ముఖ్యమైతే సరేనని, మరుసటి రోజే మైత్రిని బోర్డుకు ఆనుకుని ఉన్న బల్లకు మార్చింది. నేను గెలిచినంత సంబరపడ్డాను.

మైత్రి అంతకుముందు కిటికీ పక్కన, లేనా అనే స్నేహితురాలితో, పుల్లపురుగుల గాజుపెట్టె ముందు కూర్చునేది. అచ్చం ఎండుపుల్లల్లా కనిపించే ఆ పురుగులకు పేర్లు పెట్టింది, సోమవారం వస్తే ఏది కుబుసం విడిచిందో చూడాలని నేను లేవకముందే ఉన్ని చెప్పుల సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. అక్టోబరులో ఒక పొద్దున దుప్పట్లోంచి మొహం బయట పెట్టకుండా, "అమ్మా, బౌఖ్‌వే" అంది. బౌఖ్‌వే అంటే కడుపునొప్పి. నేను వెంటనే వాము డబ్బా కోసం లేచాను. గింజలు అరచేతిలో నలుపుతున్నప్పుడు వచ్చిన ఆ ఘాటుకు నా చేయి ఆగిపోయింది. ఈ నొప్పి ఏమిటో నాకు తెలియదా! అయినా ఆ రోజు వాము నోట్లో పోశాను, పంపించాను. మూడు వారాలు అలాగే పంపించాను. ఆ తర్వాతే టీచరును కలవడానికి టెర్మిన్ తీసుకుని, ఇలా వచ్చి ఈ చిన్న కుర్చీలో కూర్చున్నాను.

ఫ్రావ్ కెలర్ వచ్చింది. నేను కూర్చున్నది మైత్రి ఇప్పటి బల్ల దగ్గరే. లెక్కల్లో మైత్రి ఎక్కడ ఉందో చూపిస్తానని ఆవిడ బోర్డు మీద ఏదో రాయడం మొదలు పెట్టింది. నాలుగైదు రోజులుగా పట్టి ఉన్న మబ్బు అప్పుడే విడి, వాలుగా వచ్చిన ఎండ బోర్డు మీద పడింది. ఆవిడ నా వైపు తిరిగి, కళ్ళు చిట్లించిన నన్ను చూసి, "మీకు కనిపించడం లేదు కదూ, ఒక్క నిమిషం" అని జర్మన్‌లో అంటూ కిటికీ దగ్గరికి నడిచి తెర దించింది. తిరిగి వచ్చి లెక్క కొనసాగించింది. ఆవిడకు అదొక పని కూడా కాదు.

నాకు ఆ తర్వాత ఒక్క మాట వినపడలేదు. ఒక గుడ్డ. ఆ తలుపుకు ఒక గోనెసంచి కట్టి ఉంటే సరిపోయేది, గోదాములో గోనెసంచులకేం కరువు? ఏడాది పొడుగునా ఒక్కరు, సారు గానీ ఓనరు గానీ మా బాపు గానీ, ఒక్కసారి వచ్చి ఆ మూల బెంచీలో కూర్చుని చూసి ఉంటే తెలిసిపోయేది. మార్కులు తక్కువని మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టారు, అక్కడ కూర్చున్నందుకు మాకు మార్కులు తగ్గాయి, ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రజిత మీద అయితే ఒక ముద్ర వేసి పత్తిచేనుకు తోలారు. నాకు వచ్చిన కోపానికి ఆ చిన్న కుర్చీ విరిగిపోతుందేమో అనిపించింది. ఎవరి మీద చూపించను? సారు పోయి చాలాకాలమైంది, బాపమ్మ పోయింది, గోదాము ఉన్నచోట ఫంక్షన్ హాలు కట్టారు, కింద తవ్వినా తౌడు పిడికెడు దొరకదు. ఇక ఇక్కడ మిగిలింది నేనొక్కదాన్నే, ఫస్ట్ బెంచీ అడిగినదాన్ని.

"నాదే పొరపాటు, మైత్రిని పాత చోటుకు పంపండి" అన్నాను ఫ్రావ్ కెలర్‌తో. ఆవిడ నవ్వి, ఆ మాట పిల్లనే అడుగుదాం, కూర్చునేది తనే కదా అంది. బయట వరండాలో గోడకు ఆనుకుని ఉన్న మైత్రిని లోపలికి పిలిచింది. కిటికీ పక్కన లేనా దగ్గరా, ఇక్కడ ముందా, ఇంకెక్కడైనానా, నీ ఇష్టం వచ్చిన చోటు చెప్పు అని మెల్లగా అడిగింది. మైత్రి గాజుపెట్టె వైపు చూడలేదు, కిటికీ వైపు చూడలేదు. నేరుగా నా మొహంలోకి చూసి, తన టీచరుకు అర్థం కాకుండా తెలుగులో, మెల్లగా అడిగింది.

"అమ్మా, వీటిల్ల ఫస్ట్ సీట్ ఏది?"