కొండదారి మీద బెంగ

సాయిదుర్గకు ముప్పై దాటాయి. అరకు బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు ఆమెది. చోడవరం వైపు నుంచి వచ్చిన తండ్రి పెట్టిన కొట్టు అది. ఆయన పోయాక తల్లి రత్నాలు, తనూ చూసుకుంటున్నారు. ఆదివారం పొద్దున మాత్రం ఆమె కొట్లో దొరికేది కాదు. లావు టైర్ల సైకిలేసుకుని, టూరిస్టులను కొండల్లో తిప్పే కుర్రాడు ఫల్గుణతో కలిసి కాఫీ తోటల్లోకి వెళ్లిపోయేది. ఎక్కడం కన్నా దిగడమే ఆమెకిష్టం. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఎర్రమట్టి దారిలో జారిపోతుంటే కొట్టూ గుర్తొచ్చేది కాదు, పెళ్లి ఊసెత్తే చుట్టాలూ గుర్తొచ్చేవారు కాదు.

నిరుడు వానలు తగ్గాక, ఒక మలుపులో తడిసిన వేరు మీద ముందు చక్రం జారింది. హెల్మెట్ రాయికి కొట్టుకుని పగిలింది. కాసేపటికి లేచి కూర్చుంది. రక్తమేమీ లేదు.

"మనమెక్కడున్నాం, ఫల్గుణా?" అనడిగింది.

అతను చెప్పాడు. కాసేపటికి మళ్లీ అదే అడిగింది. ఇంకోసారి కూడా అడిగేసరికి అతనికి భయమేసి, జీపు మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

విశాఖపట్నంలో తీసిన స్కాన్‌లో ఏమీ లేదు. "మెదడు బాగా అదిరింది. అది స్కాన్‌లో కనబడదు. తలనొప్పి పూర్తిగా పోయేదాకా సైకిలెక్కొద్దు. ఈలోగా మళ్లీ దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టం" అన్నాడు డాక్టరు.

కొన్నాళ్లకు నొప్పి కొంచెమే మిగిలింది. అంతా తగ్గిపోయిందని ఫల్గుణకు అబద్ధం చెప్పి మళ్లీ దారి పట్టింది. ఈసారి పడింది గడ్డిలోనే. తల నేలకు తగల్లేదు కూడా, ఒక్క కుదుపు, అంతే. కానీ ఆ కుదుపు నుంచి నెలల తరబడి కోలుకోలేకపోయింది.

ట్యూబులైటు కళ్లలో గుచ్చుకునేది. సంత రోజు గోల భరించలేక కొట్టు వెనక గదిలో తలుపేసుకునేది. ఎవరైనా వచ్చి క్లిప్పులడిగితే, అవి ఎదురుగానే ఉన్నా ఏవో తెలిసేది కాదు. ఒకరోజు రత్నాలు గదిలోకి వచ్చి చూస్తే కూతురి చెంపలు తడిసి ఉన్నాయి.

"ఏటే గుంటా, ఏడుత్తన్నావా?"

"తలనొప్పమ్మా."

నిజానికి ఆమె ఏడ్చింది తలనొప్పికి కాదు. బయట రోడ్డు మీద ఎవరో తొక్కడం ఆపి సైకిలును దానంతటదే జారనిచ్చారు. కొండ దిగేటప్పుడు వినబడే ఆ ఖాళీ చక్రం టకటక చప్పుడు చెవిన పడింది.

రత్నాలు మర్నాడు పొద్దున్నే వచ్చి, "డాక్టరు నడవమన్నాడు కదా, బేగి సెప్పులేసుకో. నానూ వత్తాను" అంది.

మంచులో ఇద్దరూ రైలు గేటు వైపు బయల్దేరేవారు. మొదట్లో కళ్లు తిరిగి, తల్లి భుజం పట్టుకుని సగంలోనే వెనక్కి వచ్చేది. తర్వాత్తర్వాత గేటు దాటి వెళ్లారు. ఎండాకాలానికి తారురోడ్డు మీద నెమ్మదిగా సైకిలు తొక్కొచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. కొండదారి మాత్రం ఇప్పుడే వద్దన్నాడు.

మొన్న ఆదివారం ఫల్గుణతో కలిసి నడుచుకుంటూ ఆ దారి పైకి వెళ్లింది. సైకిలు అతనొక్కడే తెచ్చుకున్నాడు.

"నేనూ దిగనులే అక్కా" అన్నాడు.

"దిగు. నేను చూస్తాను."

అతను సైకిలెక్కి దిగాడు. మొదటి మలుపు అతను తిరుగుతుంటే ఆమె వేళ్లు బ్రేకు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. చెట్ల మధ్య అతను కనుమరుగయ్యాక కూడా చక్రాల చప్పుడు వినబడుతూనే ఉంది. అదీ ఆగిపోయాక చాలాసేపు అక్కడే నిలబడింది.

కొండ దిగడానికి ఎప్పుడు ఒప్పుకుంటారని డాక్టరును అడగాలని ఉంది ఆమెకు. ఎప్పటికీ వద్దంటాడేమోనని ఇంకా అడగలేదు.