అమ్మ ఎదురుచూసిన బల్ల

మేం షోలాపూర్ భవానీపేటలో ఉండేవాళ్లం. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ నూలు కండెలు చుట్టేది. పాలమూరు దిక్కు నుంచి వచ్చేనాటికే మావాళ్లు క్రైస్తవులు. వాగులో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం మాది. షోలాపూర్‌లో ఆ సంఘం లేదు. ఊరి నుంచి పాస్టరు ఏడాదికోసారి వచ్చి మా ఇంట్లోనే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చేవాడు. యుద్ధం మొదలయ్యాక రైలు ప్రయాణం కష్టమై ఆయన రాక ఆగిపోయింది.

ఎదురింటి మరాఠీ ఆమె కూడా క్రైస్తవురాలే; అందరం ఆమెను బాయీ అని పిలిచేవాళ్లం. నెలకోసారి తెల్లచీర కట్టుకుని తన గుడికి, బల్లకు పోయేది. అమ్మ గడపలో నిలబడి ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా చూసేది.

"నేను గూడ పోతనయ్యా," అని ఒకసారి నాన్నని అడిగింది.

"వాళ్లకు బాప్తిస్మమంటే నెత్తిమీద నీళ్లే చల్లిండ్రు, మన లెక్క ముంచలే. వాళ్ల బల్లకాడ మనమెట్ల కూసుంటం?"

అమ్మ మళ్లీ అడగలేదు.

మూడో ఏడు అమ్మ దగ్గుతో మంచం పట్టింది. "రొట్టె ముట్టక మూడేండ్లాయె బాయీ," అని ఎదురింటామెతో అంది. మర్నాడు పొద్దున బాయి తమ పాస్టరును వెంటబెట్టుకుని వచ్చింది. నేతవాళ్ల మధ్య తిరిగి ఆయన కొంత తెలుగు నేర్చుకున్నాడు. గడప బయటే ఆగి నాన్నతో అన్నాడు.

"దాదా, మీరు రమ్మంటేనే లోపలికి వస్త. మీ బాప్తిస్మాన్ని నేను తక్కువ చేయ. ప్రార్థన మీరే చేయండి, తెలుగుల."

నాన్న ఆయన్ని లోపలికి రమ్మన్నాడు. తర్వాత నూలు పక్కకు జరిపి చాప పరిచాడు. ప్రార్థన నాన్నే చేశాడు. పాస్టరు రొట్టె విరిచాడు. బాయి అమ్మను లేపి కూర్చోబెట్టి వీపు పట్టుకుంది. అమ్మా బాయీ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగారు. అమ్మ కళ్లు మూసుకుంది.

గిన్నె నాన్న దగ్గరికి వచ్చింది. ఆయన పట్టుకున్నాడు గానీ తాగలేదు, తిరిగి ఇచ్చేశాడు. పాస్టరు బలవంతపెట్టలేదు. అమ్మ మాత్రం నాన్న వైపే చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలదు.

వానలు వెలవకముందే అమ్మ పోయింది. ఆ తర్వాతి నెల నాన్న తనే ఎదురింటి ముందు నిలబడ్డాడు. "బాయీ, మీ గుడిల బల్ల ఎప్పుడు మొదలైతది?"

ఆమెతో కలిసి వెళ్లి, అందరి మధ్యా కూర్చుని రొట్టె, గిన్నె తీసుకున్నాడు. ఆయన బాప్తిస్మం గురించి ఎవరూ ఏమీ అడగలేదట. ఇంటికొచ్చి తలగుడ్డ విప్పకుండానే అమ్మ మంచం మీద కూర్చున్నాడు.

"ఆ దినం మీ అమ్మతోని నేను గూడ తాగితే ఏం పోతుండె బిడ్డా," అన్నాడు.