నర్సింగ్ అప్లికేషన్‌లో నేను రాసిన అబద్ధం

సహోదరులారా, సహోదరీలారా, కిందటేడు చలికాలమంతా నేను ఈ హాలులోనే వెనక వరుసలో కూర్చుని మీతోపాటు పాటలు పాడాను, చేతులెత్తాను, ప్రార్థన అయ్యాక మీరు పలకరిస్తే ప్రభువు కృప వల్ల బాగున్నానండీ అని చెప్పాను. కానీ నేను బాగాలేను. తిన్నది కడుపులో నిలిచేది కాదు, పాస్టర్ గారు వాక్యం చెప్తుంటే నేను బైబిల్ కింద ఫోన్ పెట్టుకుని యూనివర్సిటీ నుంచి ఈమెయిల్ ఏమైనా వచ్చిందా అని చూసుకునేవాణ్ణి. ఈ రోజు ఆ సంగతంతా మీ ముందు చెప్పాలని నిలబడ్డాను, అందులో మీకు క్షమాపణ చెప్పాల్సింది కూడా ఒకటుంది.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెప్తున్నాను, నా పేరు దయాకర్, మాది తెనాలి దగ్గర, అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. కార్ల బ్రేకులకి సంబంధించిన సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసే ఉద్యోగం చేసేవాణ్ణి. గ్రీన్ కార్డ్ వచ్చిన మరుసటేడే ఆ ఉద్యోగం పోయింది, అదే నెలలో నా భార్య కరుణకి గర్భసంచి ఆపరేషన్ అయింది. హాస్పిటల్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని ఒకావిడ వచ్చేది, అంటే నర్సే గానీ పరీక్ష చేసి మందులు రాసే అధికారం కూడా ఉన్నావిడ. డాక్టర్లు నిలబడి రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతే ఆవిడ మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, కరుణ భయాలన్నీ విని, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పేది. ఆవిణ్ణి చూస్తుంటే ఇన్నేళ్ళు నేను చేసిన పని కంటే ఇది చేయాలని నాకు గట్టిగా అనిపించింది. అడిగితే చెప్పింది, వేరే డిగ్రీ ఉన్నవాళ్ళు కూడా నేరుగా చేరే కోర్సులున్నాయి, ముందు నర్సుని చేసి, తర్వాత నర్స్ ప్రాక్టీషనర్‌ని చేస్తారు, కాకపోతే సీట్లు చాలా తక్కువ, పోటీ చాలా ఎక్కువ అని.

నలభై ఒకటో ఏట నేను కమ్యూనిటీ కాలేజీలో నా సగం వయసు పిల్లల పక్కన కూర్చుని అనాటమీ, మైక్రోబయాలజీ చదివాను. పేషెంట్లతో పనిచేసిన అనుభవం కావాలంటే ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్‌గా చేరాను, స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, మంచంలో అటూ ఇటూ తిప్పడం, అవే పనులు. ఐదు యూనివర్సిటీలకి అప్లై చేశాను. అక్కణ్ణుంచి మొదలైంది సహోదరులారా ఆ ఆదుర్దా. నాలాగా అప్లై చేసినవాళ్ళు ఒక ఆన్‌లైన్ గ్రూపులో రాసుకుంటూ ఉంటారు, ఫలానా చోట ఇంటర్వ్యూ పిలుపులు మొదలయ్యాయి, నాకొచ్చింది, నీకు రాలేదా అని. అది చదవకుండా పది నిమిషాలు ఉండలేకపోయేవాణ్ణి.

నర్సింగ్ హోమ్‌లో నేను చూసుకునేవాళ్ళలో వాల్టర్ గారని ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దాయన ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు, ఎక్కడో దూరంగా ఒక మేనకోడలుంది. నా పేరు నోరు తిరగక 'డే' అని పిలిచేవారు, నేను తినిపిస్తేనే తినేవారు. ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఆయన ఊపిరి తీరు మారింది. లిండా అని మా నర్సు, ఆయన మేనకోడలికి ఫోన్ చేయడానికి వెళ్తూ, "దయాకర్, నేనొచ్చేదాకా ఆయన దగ్గరుండు" అని చెప్పి వెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచి, "డే, వెళ్ళకు" అన్నారు.

"ఐదు నిమిషాల్లో వస్తానండీ" అని చెప్పి నేను బయటికి వచ్చేశాను.

చావంటే నాకు భయమేసింది, అది నిజం. కానీ పార్కింగ్‌లో కారెక్కి, హీటర్ వేసుకుని నేను చేసిన పనేంటంటే, ఫోన్ తీసి ఆ గ్రూపులో ఎవరికి పిలుపులొచ్చాయో చదువుకుంటూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. తిరిగి వెళ్ళేసరికి లిండా ఆయన ముఖం మీద దుప్పటి సర్దుతోంది. నన్నేమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు.

ఆ సంవత్సరం ఐదు చోట్ల నుంచీ కాదనే వచ్చింది. మరుసటి శరదృతువులో మళ్ళీ అప్లై చేసినప్పుడు, నర్సు అవ్వాలని ఎందుకు అనుకుంటున్నారో వ్యాసం రాయమంటారు కదా, అందులో వాల్టర్ గారి గురించి రాశాను. ఆయన చెయ్యి నా చేతిలో ఉండగా ప్రశాంతంగా కన్నుమూశారని, ఆ క్షణంలోనే నా పిలుపేమిటో నాకు తెలిసిందని రాశాను. రాస్తున్నప్పుడు నా వేళ్ళు ఆగలేదు, అదే ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

కరుణ అది చదివి ఏడ్చింది. ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో ఇక్కడే నిలబడి, నా భర్త ద్వారా ప్రభువు ఒక ఒంటరి మనిషికి తోడుగా ఉన్నాడని మీ అందరికీ చెప్పింది. మీరు స్తోత్రం అన్నారు. ఒక ఆంటీ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. నేను తల వంచుకుని దీవెన తీసుకున్నాను. సహోదరులారా, మీరు విన్న ఆ మాట అబద్ధం. నన్ను క్షమించండి.

ఆ వ్యాసానికే ఒక యూనివర్సిటీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన ఈమెయిల్ అది. అది చూసుకుని డ్యూటీ నుంచి ఇంటికి డ్రైవ్ చేస్తుంటే హైవే మీద ఛాతీ బిగుసుకుపోయింది, చేతులు తిమ్మిరెక్కాయి, మంచులో కారు పక్కకి ఆపి ఇక నా పని అయిపోయిందనుకున్నాను. హాస్పిటల్‌లో అన్నీ చూసి గుండె బాగానే ఉంది, ఇది ఆందోళన అన్నారు. మాత్రలు రాశారు, ఇప్పటికీ వేసుకుంటున్నాను, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మాత్ర వేసుకున్నా ఒక్క ఆలోచన మాత్రం పోలేదు. వాల్టర్ గారి గురించి చెప్పండి అని వాళ్ళడిగితే నా నోట ఏం వస్తుంది?

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు, శనివారం పొద్దున కరుణ నా చొక్కా ఇస్త్రీ చేస్తూ, "ఆ పెద్దాయన గురించి అడుగుతారు, కంగారు పడకుండా నిదానంగా చెప్పండి" అంది.

"నేను అక్కడ లేను కరుణా."

"ఎక్కడ?"

"ఆయన పోయినప్పుడు. నేను కారులో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను."

ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేసింది. "నేను సంఘంలో నిలబడి చెప్పాను కదండీ" అంది.

"అవును."

"అప్పుడు కూడా ఊరుకున్నారు."

చొక్కా అక్కడే వదిలేసి తను మధ్యాహ్నం దాకా వంటింట్లోనే ఉంది. తర్వాత నేనున్న గదిలోకి వచ్చి, "ప్రార్థన చేద్దాం రండి, సీటు గురించి మాత్రం అడగొద్దు" అంది. మోకరించాను. రెండేళ్ళుగా ప్రభువా నాకు సీటు ఇవ్వు అని తప్ప నా నోట ఇంకో ప్రార్థన రాలేదని అప్పుడు అర్థమైంది. "ప్రభువా, ఆ మనిషి నన్ను ఉండమన్నాడు, నేను వెళ్ళిపోయాను, తర్వాత ఆయన చావుని నా కోసం వాడుకున్నాను, నాకు నిజం చెప్పే ధైర్యం ఇవ్వు" అన్నాను. ఆ నాలుగు మాటలు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

సోమవారం రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. ఇద్దరున్నారు, తల నెరిసిన ఒక ప్రొఫెసరమ్మ, ఒక కుర్రాయన. ఆవిడ నా వ్యాసం ముందు పెట్టుకుని, "వాల్టర్ గారి దగ్గర గడిపిన ఆ చివరి నిమిషాల గురించి చెప్పండి" అంది. చెప్పాను. కారు, హీటర్, ఫోన్, అన్నీ చెప్పాను.

ఆవిడ పెన్ను కింద పెట్టి, "మళ్ళీ అలాంటి గదిలో ఉండాల్సి వస్తే ఉంటారా?" అని అడిగింది.

"ఉండాలనుకుంటున్నానండీ. ఇంకా ఉండి చూడలేదు కాబట్టి మాటివ్వలేను" అన్నాను.

"రాసిందంతా నిజమని మీరు సంతకం చేశారు. ఈ అప్లికేషన్‌ని మేం ముందుకు తీసుకెళ్ళలేం. మళ్ళీ అప్లై చేస్తే మాత్రం, ఇప్పుడు నాకు చెప్పింది రాయండి" అంది. అంతే, ఆ సీటు పోయింది.

తిరిగొస్తూ గ్యాస్ స్టేషన్‌లో ఆగి ఒక శాండ్‌విచ్ కొనుక్కుని కారులోనే తిన్నాను, అది కడుపులో నిలిచింది. ఎన్ని నెలల తర్వాతో. సీటు పోగొట్టుకుని వస్తున్న మనిషికి ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చింది? నాది కాదు అది. దేవునికే మహిమ.

మర్నాడు డ్యూటీలో లిండాని పక్కకి పిలిచి ఆ రోజు నేను ఎక్కడున్నానో చెప్పాను. ఆవిడ, "నాకు తెలుసు. కిటికీలోంచి నీ కారు కనిపించింది. కొత్తవాళ్ళు చాలామంది అలా పారిపోతారు" అంది. తర్వాత, "ఫోన్ తొందరగానే అయిపోయింది, నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన ఒంటరిగా పోలేదు. నువ్వు అడిగి ఉంటే ఆ రోజే చెప్పేదాన్ని కదా" అంది. నేను అడగలేదు సహోదరులారా. ఆయన ఒంటరిగా పోయాడన్న భారం ఏడాదిపైన మోశాను. నేను విడిచిపెట్టినా ప్రభువు ఆయన్ని విడిచిపెట్టలేదు, ఒక్క మాట అడిగే ధైర్యం లేక నేనే అది తెలుసుకోలేకపోయాను.

ఆ వేసవిలో ఇంకో ముసలావిడ చివరి ఘడియల్లో ఉంటే, నేనుంటానని లిండాని అడిగి కూర్చున్నాను. ఫోన్ లాకర్‌లో పెట్టాను. మూడు గంటలు. భయమేసింది, కాళ్ళు లేచి వెళ్ళిపోదామన్నాయి, అయినా ఉన్నాను. వ్యాసంలో రాసుకోదగ్గ గొప్ప సంగతేమీ జరగలేదు. ఆవిడ పెదాలు తడుపుతూ కూర్చున్నానంతే.

మూడోసారి రెండు చోట్లకే అప్లై చేశాను, కారులో కూర్చున్న సంగతే రాశాను. ఒక చోట కాదన్నారు. ఇంకో చోట ఇంటర్వ్యూ అయింది, వెయిటింగ్ లిస్టులో ఉన్నానన్నారు, ఎన్నోవాణ్ణో చెప్పలేదు. కరుణ తమ్ముడు, "ఫలితం వచ్చాక సాక్ష్యం చెప్పు బావా, అప్పుడు బాగుంటుంది" అన్నాడు. అప్పుడు చెప్తే అది సీటు గురించిన సాక్ష్యం అవుతుంది, ప్రభువు నన్ను విడిపించింది దేన్నుంచో అందులో కనబడదు. అందుకే సీటు వస్తుందో రాదో తెలియకముందే వచ్చి చెప్తున్నాను.

ఇంకా ఆదుర్దా పడే రోజులున్నాయి, పొద్దున కూడా ఈమెయిల్ చూసుకున్నాను. కానీ దాచుకున్నదేమీ లేదు కాబట్టి ఆ ఆదుర్దా ఇప్పుడు నన్ను మింగేయట్లేదు. నాతో నిలబడిన కరుణకి, నన్నింకా ఈ వరుసల్లో కూర్చోనిస్తున్న మీకు, అన్నిటికంటే ముందు నా ప్రభువుకి నా స్తోత్రాలు. మీలో వీసా కాగితం కోసమో, స్కాన్ రిపోర్టు కోసమో, పిల్లల అడ్మిషన్ల కోసమో ఎదురుచూస్తూ లోపల ఒక మాట దాచుకుని నలిగిపోతున్నవాళ్ళు ఉంటే, జవాబు వచ్చేదాకా ఆగకండి, ఈ రోజే ఆ మాట ఆయనకి చెప్పండి, మనుషుల్లో కూడా ఒక్కరికి చెప్పండి. ఆయన్ని నమ్మి చెప్పండి. కూడిక అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, ఎవరైనా నాతో మాట్లాడాలంటే రండి, ఎంతసేపైనా వింటాను.