యోక్ మూయీ పేరున వదిలిన చేపలు

సూన్ ఫాట్ ఆ రెండు చేపల్నీ తన ఇంటి తొట్టిలోనే ఉంచుకుని, ఒకటి రెండోదాన్ని చంపేదాకా చూస్తూ కూర్చోవలసిందా? ఇన్నేళ్లు అటు తిప్పీ ఇటు తిప్పీ చూసినా ఆ వీధిలో ఎవరికీ దీనికి జవాబు దొరకలేదు.

కంపార్‌లో తగరం గనులు నడిచినన్నాళ్లూ అతను మట్టి లారీ తోలాడు. గనులు మూతపడి, తవ్విన గోతులన్నీ నీళ్లు నిండి కొలనులయ్యాక అదే లారీలో కూరగాయలు వేశాడు. పెద్ద ఒళ్లు, చిన్న గొంతు. కోడిని కోయాల్సి వస్తే పక్కింటి లాయ్ ఫూంగ్‌ని కేకేసేవాడు.

“అంత లారీ తోలేవాడివి, ఇంత కోడికి దడుస్తావేం ఫాట్ కో?” అని అన్న వరసతో వెక్కిరిస్తూనే ఆవిడ చిటికెలో పని ముగించేది.

లాయ్ ఫూంగ్‌కి మొగుడు లేడు. ఇళ్ల వెనకున్న కొలనే ఆమెకు పొలం. తెల్లారే వల ఎత్తి, రొయ్యలు బజారుకు పంపి, చిన్న చేపలకు ఉప్పు పట్టించి రేకుల మీద ఎండబెట్టేది. దాని మీదే బతుకు.

సూన్ ఫాట్ భార్య యోక్ మూయీకి రొమ్ములో గడ్డ లేచింది. ఇపో ఆసుపత్రిలో కోసి తీశారు. తిరిగొచ్చే దారిలో ఒక చేపల దుకాణం ముందు ఆమె ఆగింది. తొట్టిలో నుదుటి మీద ఎర్రటి బుడిపె ఉన్న చేప ఒకటి అద్దం దాకా వచ్చి, ఆమె ముఖంలోకి చూసి నోరు తెరిచింది. లూహాన్ చేప. ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో! సూన్ ఫాట్ మారు మాట్లాడకుండా దాన్ని కొన్నాడు. తర్వాతి పరీక్షల్లో జబ్బు జాడ లేదన్నారు. దాంతో వీధి వీధంతా తేల్చేసింది, మూయీ ప్రాణం ఆ బుడిపెలోనే ఉందని.

బుడిపెతో పాటు దాని పొగరూ పెరిగింది. తోడుగా వేసిన ప్రతి చేపనూ పొడిచి చంపింది. దుకాణం వాడు చెప్పినవన్నీ సూన్ ఫాట్ చేశాడు. చోటు మారితే తన అడ్డా అనే ధీమా పోతుందన్నాడని రాళ్లు తీసి మళ్లీ మళ్లీ సర్దాడు. తన నీడతోనే పోట్లాడి అలిసిపోతుందని అద్దం పెట్టాడు. పోట్లాడింది గాని అలవలేదు. తొట్టి కడగబోతే వేలు కొరికి నెత్తురు తెప్పించింది.

“అల్లం వేసి ఆవిరి మీద ఉడకబెట్టు, బుద్ధొస్తుంది,” అంది లాయ్ ఫూంగ్.

“హుష్! ఆ మాట మా ఇంట్లో అనకు.”

జత లేకే ఈ కోపమని ఎవరో అంటే ఆడచేపను తెచ్చి, మధ్యలో గాజు పలక అడ్డం పెట్టి, కొన్నాళ్లు చూసి తీశాడు. జత కలిశాయి. గుడ్లు పగిలి పిల్లలు తొట్టినిండా ఈదుతుంటే యోక్ మూయీ కుర్చీ తొట్టి పక్కకే లాక్కుంది. అంతలో మగది ఆడదాని మీద పడింది. పలక మళ్లీ పెట్టినా కింది సందులోంచి దూరి వెళ్లి రెక్కలు పీలికలు చేసింది.

“నేను చూడలేను ముసలాయనా. ఆ ఆడచేప నేనే అయినట్టుంది,” అందామె.

చంపడానికి చెయ్యి రాదు. ఎవరికైనా ఇస్తే ఆమె ఆయుష్షు ఇచ్చేసినట్టే. గుడి ముసలమ్మ దారి చెప్పింది. రోగి పేరున నీళ్లలో వదిలితే ప్రాణం పోసిన పుణ్యం. నది దాకా యోక్ మూయీ నడవలేదు. వెనక కొలనైతే నడవగలదు. ఆ కొలను ఎవరి కూడో సూన్ ఫాట్‌కి తెలుసు. అంత నీటికి రెండు చేపలూ గుప్పెడు పిల్లలూ ఏపాటి అనుకున్నాడు. పున్నమి నాడు, లాయ్ ఫూంగ్ బజారుకెళ్లిన వేళ, యోక్ మూయీ దణ్ణం పెడుతుంటే బకెట్ వంచాడు.

మరుసటి ఏటికి వలలో రొయ్యలు తగ్గాయి. ఆపై ఏడాది వల నిండా బుడిపె చేపలే. లాయ్ ఫూంగ్ బకెట్ తెచ్చి వాకిట్లో ధడాల్న దించింది.

“ఇవి ఎవరి చేపలు ఫాట్ కో?”

అతను నోరు తెరిచేలోగా యోక్ మూయీ లోపల్నుంచి వచ్చి బకెట్లోకి వంగింది.

“అమ్మో, మనవాటి పిల్లలు! ఎన్ని ఉన్నాయో చూడు! ఫూంగ్, వీటినేం చెయ్యకమ్మా, మళ్లీ వదిలెయ్. నీకు పుణ్యముంటుంది.”

లాయ్ ఫూంగ్ పోట్లాడదామనే వచ్చింది. ఆ ముఖం చూసి మనసు మార్చుకుంది. “అలాగే ఆసో,” అని వదినకి తలూపి బకెట్ ఎత్తుకుంది. సూన్ ఫాట్ వెనకాలే గట్టు దాకా వెళ్లాడు.

“రెండయితే వదులుతాను. వందలున్నాయి. నన్నేం తినమంటావు? వీటిని చంపాల్సిందే,” అంది లాయ్ ఫూంగ్.

అతను మర్నాటి నుంచి నడకకని భార్యతో చెప్పి తనూ ఒక వల పట్టుకుని వచ్చాడు. కోడి మెడ విరవలేని మనిషి, లారీ పానాతో ఒక్కో చేప తలా బద్దలు కొట్టాడు. కొట్టే ముందు కళ్లు మూసుకునేవాడు. ఎన్ని చంపినా కొలనులో తరగలేదు.

వానలు మొదలయ్యే నాటికి యోక్ మూయీ మెడ ఎముక దగ్గర మళ్లీ గడ్డ తేలింది. ఈసారి ఇపో డాక్టర్లు కోస్తామనలేదు. సూన్ ఫాట్ వల పక్కన పడేశాడు, కొలను వైపు చూడటం కూడా మానేశాడు. ఆమె మంచంలోంచి అడిగేది.

“చేపలు బాగున్నాయా?”

“బాగున్నాయి.”

“అయితే నాకేం ఫర్వాలేదులే.”

వానలు వెలవకముందే పోయింది. శవజాగారంలో లాయ్ ఫూంగ్ అతని పక్కన కూర్చుని, పోయినవాళ్లకని తగలబెట్టే బంగారు కాగితాలు మడుస్తూ మెల్లిగా అంది, “ఆ జబ్బుకి ఎప్పుడూ తిరగబెట్టే గుణముంది ఫాట్ కో. చేపలతో ఏం పని దానికి?”

అతను కాగితం మడత సరిగ్గా పడక మళ్లీ విప్పాడు. “నీ కొలను నాశనం చేశాను. నీకు నా మీద కోపం రాలేదా?”

“వచ్చింది. రోజూ వల ఎత్తినప్పుడల్లా వస్తుంది.” కాసేపాగి ఆవిడే అడిగింది, “నీకు నా మీద రాలేదా, చంపమన్నందుకు?”

అతను మడిచిన కాగితాన్ని కుప్ప మీద పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు.

కర్మ ముగిసిన మర్నాడు తెల్లవారుతుండగా లారీ మోత విని లాయ్ ఫూంగ్ వీధిలోకి వచ్చింది. అతని తలుపుకి తాళం వేసి ఉంది. లారీలో ఒక మంచం, రెండు పెట్టెలు. అతను ఆమెను చూశాడు, చూడలేదని చెప్పడానికి లేదు. ఆమె చెయ్యెత్తబోయేంతలో గేరు మార్చాడు. లారీ మలుపు తిరిగిపోయింది.