గలగలలాడని కీబోర్డు

గంగాధరప్ప ఏ వస్తువునైనా చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడనిదే కొనడు. ఇది లోకమెరిగిన సత్యం. లోకమంటే ఇక్కడ చింతామణి ఊరు.

ఒకప్పుడాయన శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్ళు కొనేవాడు. గూటిని ఆడిస్తే లోపలి పురుగు గలగలలాడాలి. ఆ చప్పుడు లేదంటే పురుగు చచ్చి అంటుకుపోయిందని అర్థం. ఆ వ్యాపారం మాని తాలూకా ఆఫీసు ఎదుట టైపింగ్ అంగడి పెట్టాడు గానీ, ఆయన చెవి మాత్రం పదవీ విరమణ చేయలేదు. టెంకాయ, అగ్గిపెట్టె, గోడగడియారం, అన్నిటికీ అదే పరీక్ష. అక్క కూతురికి సంబంధం చూసినప్పుడు పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని అంతసేపు ఊపింది మర్యాద కొద్దేనని ఇంటివాళ్ళు ఈనాటికీ వాదిస్తారు.

ఆ అంగట్లో పొద్దస్తమానం అర్జీలు కొట్టేది అంబిక. పాత కీబోర్డు మీటలు మహా మొండివి; అక్షరానికో గుద్దు గుద్దాలి. మణికట్టు వాచింది. విశ్రాంతి ఇమ్మని డాక్టరు అన్నాడు గానీ, ఇంట్లో బియ్యం డబ్బా ఆ మాట అనలేదు.

"అప్పా, ఈ నెలాఖరుకు పని నిలిపేస్తా. ఇంక చెయ్యి ఆడల్యా."

గంగాధరప్ప గంభీరంగా తలూపాడు. "కొత్త కీబోర్డు తెస్తామమ్మా. చూసి తేవల్ల."

అంబికకు ఆ 'చూసి' అన్న మాటే భయం. ఆయన ఫ్యాను చూసి తెచ్చేలోపల వేసవి దాటిపోయింది మరి!

అనుకున్నట్టే అయింది. బాగేపల్లిలో ఒక అంగడివాడు ఆయన రెండోసారి రావడం చూసి షట్టరు సగం దించాడు. చివరికి నెలాఖరున అంబికను వెంటబెట్టుకుని చిక్కబళ్ళాపురం బస్సెక్కాడు.

"ఈ లైట్లది చూడండప్పా, పిల్లకాయలు దీనికోసం పడి చస్తాండారు," అన్నాడు అక్కడి అంగడాయన మోహన్‌కుమార్.

గంగాధరప్ప ఎత్తి ఆడించాడు. గలగల! ముఖం వెలిగింది. "కొట్టమ్మా," అని గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

"ఏం కొట్టల్లప్పా?"

"తహశీల్దారుకు అర్జీ. ఆవు తప్పిపోయినాదని."

సగంలోనే ఆయన తల అడ్డంగా ఊగింది. ఇంకో కీబోర్డు మీద ఆవు మళ్ళీ తప్పిపోయింది. ఆ తరువాతి దాని మీద దూడ కూడా.

"నేనేమన్నా పట్టుగూడునా అప్పా, ఇట్ల పరీక్ష చేస్తాండారు?"

"మాట్లాడొద్దు. కొట్టు."

ఈసారిది పలకలాగా పలచగా ఉంది. వేలు ఆనితే చాలు, మీట దిగుతోంది. మణికట్టు బల్లమీద హాయిగా వాలింది. కొట్టుకుంటూ పోయిన అంబిక, ఆవు దొరికి ఇల్లు చేరి పాలు కూడా ఇచ్చేసిందని ఆలస్యంగా గమనించింది.

"ఇదే!" అన్నాడు గంగాధరప్ప, ఇటు తిరిగి.

మోహన్‌కుమార్‌కు అనుమానమొచ్చి తనే ఎత్తి ఆడించాడు. చడీ చప్పుడూ లేదు. "మీ లెక్కలో ఇది చచ్చిన గూడు గదప్పా?"

"దాన్నెవరు విన్యారప్పా? నేను విన్యాది ఈయమ్మ వేళ్ళను. మా అంగట్లో పొద్దున పరిగెత్తుతాయి, మధ్యాహ్నానికి కుంటుతాండాయి. నువ్వు చూపిచ్చినవాట్లో దీనొక్కదాని మీదే కుంటల్యా."

అంబిక తన వేళ్ళకేసి చూసుకుంది. "మరి ఆ పాతది?" అంది.

"నాకుండనీ. నేను కొట్టేది ఒక వేలితో. ఆ వేలికి పొగరెక్కువ."

మర్నాడు నెలాఖరు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అంబిక పెట్టె విప్పి, కొత్త కీబోర్డు బయటికి తీసి, అటూ ఇటూ చూసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించింది.

"ఏం చేస్తాండావమ్మా?" లోపలినుంచి గంగాధరప్ప.

"దుమ్ము దులుపుతాండానప్పా!"