సూది ముక్క

నా చిన్నప్పుడు స్టవ్వు పేలిందన్న మాట వింటే చాలు, లేచి అవతలికి పోయేదాన్ని. ఆ రోజుల్లో పటమటలో మా సందులో అందరివీ కిరసనాయిలు పంపు స్టవ్వులే. ఎక్కడో ఎవరికో ముఖం కాలిందని పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే చెవులు మూసుకునేదాన్ని. అంత పిరికిదాన్ని, మా అమ్మ స్టవ్వును నేనే పాడుచేశాను. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. దానికీ ఇప్పటిదాకా ఈ సంగతి చెప్పలేదు.

అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది. ఒకరోజు కుట్టినవి ఇచ్చి రావడానికి వెళితే, వచ్చేసరికి టీ పెట్టి ఉంచుదామనుకున్నాను. స్టవ్వు ముట్టుకోవద్దని వందసార్లు చెప్పింది. అయినా ముట్టుకున్నాను. మంట రాలేదు. మంట వచ్చే సన్నటి బెజ్జంలో నలుసు పడితే అమ్మ పిన్నుతో పొడిచేది. పిన్ను కనపడక కుట్టుసూదితో పొడిచాను. అది కటుక్కున విరిగి, కొన లోపలే ఉండిపోయింది. మిగతా సూదిని చూరులో దోపి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ ముఖం దగ్గరగా పెట్టి పంపు కొడుతుంటే, తలుపు చాటున నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఎంతకీ వెలగలేదు. ఆదివారమే కదా, స్టవ్వులు బాగుచేసే సాయిబు తాతయ్యకు చూపించి రమ్మని నా చేతికే ఇచ్చింది.

మా సందు చివర సైకిలు కొట్టు ఆదివారాలు మూసి ఉండేది. ఆ అరుగు మీద ముగ్గురు చేరి జనం తెచ్చిన సామాను ఊరికే బాగుచేసేవాళ్ళు. గొడుగులు టైలరుగారు, ఫ్యాన్లు కరెంటాయన, స్టవ్వులు సాయిబు తాతయ్య. కాస్త చెడితే చాలు అన్నీ బందరు కాలవలో పారేస్తున్నారని వాళ్ళ బాధ. పారేసే ముందు ఒక్కసారి మాకు చూపించండని ఇంటింటికీ తిరిగి చెప్పారు. షరతు ఒక్కటే. తెచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని అది ఎలా చెడిందో చెప్పాలి.

తాతయ్య నన్నూ అడిగాడు.

"దానంతటదే చెడిందండీ," అన్నాను.

"మన సందులో అన్నీ వాటంతటవే చెడతాయిలే. మనుషులు మాత్రం దేవతలు," అని టైలరుగారు నవ్వాడు.

తాతయ్య నవ్వలేదు. పంపు కొట్టాడు. చెవి ఆనించి విని, మళ్ళీ కొట్టాడు. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు కాలి అతుక్కుపోయి ఉండేవి. ఆ చెయ్యంటే నాకు ముందునుంచీ హడలు. ఆ వేళ్ళకేసే చూస్తూ ఉండిపోయాను.

ఆయన నా అరచేతిలో అగ్గిపెట్టె పెట్టాడు.

"దానంతటదే చెడితే భయమేముందమ్మాయ్? నువ్వే వెలిగించు."

పుల్ల తీయబోయి ఆగాను.

"సూది ఇరిగిందండీ. లోపలుంది," అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది.

అగ్గిపెట్టె వెనక్కి తీసుకుని మర విప్పాడు. బుస్సుమంటుందని చెవులు మూసుకున్నాను. ఏమీ కాలేదు. గాలి ఎప్పుడో వదిలేశాడట, భయంలో నాకు ఆ చప్పుడే వినపడలేదు.

"పిల్లదాని చేతికి అగ్గిపెట్టె ఇచ్చేవాణ్ణి, గాలి ఉంచుతానా?" అన్నాడు.

సూది ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. తన వేళ్ళు చూపించి, పూర్వం ఒకావిడ కూడా దానంతటదే చెడిందని చెప్పి స్టవ్వు ఇచ్చిందన్నాడు. వెలిగిస్తే అది చేతిమీదే భగ్గుమందట. ఆవిడ మీద కోపం లేదట. మొగుడు తిడతాడని భయపడింది పాపం అన్నాడు.

"రేపు దీని ముందు కూర్చునేది మీ అమ్మ. నేను చెప్పను, నువ్వే చెప్పు."

చెప్పాను. అమ్మ కొట్టింది. కొట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టి చూసుకుంది.

చాలా ఏళ్ళకు మా ఆయన గుండెల్లో నొప్పి దాచి, దానంతటదే తగ్గుతుందిలే అన్నాడు. ఆ మాట వినగానే సూది ముక్క గుర్తొచ్చింది. భయంతో అరిచాను. అరిస్తే ఎవరు చెబుతారు? ఆయన ఇంకా దాచాడు, పోయాడు.

ఇప్పుడు ఇంట్లో ఏది చెడినా ముందు తాతయ్యలా కింద కూర్చుంటాను. ఎదుటివాళ్ళు చెప్పేదాకా ఊరుకుంటాను. భయం పోలేదు. దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను, వాళ్ళ చేతికివ్వను.