కడగని రీలుకు దిష్టి తగలదు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు. గొప్పలు చెప్పుకుంటానని కూడా తెలుసు. రెండూ నిజమే కాబట్టి గొప్పతోనే మొదలుపెడతాను. తొంభైల మొదట్లో మా చుట్టుపక్కల శ్రీమంతం జరిగే ఇంట్లోకి కెమెరాతో అడుగు పెట్టనిచ్చింది నన్నొక్కడినే. మిగతా ఫోటోగ్రాఫర్లకు పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫోటోలు. నాకు అవీ ఉండేవి, ఇదీ ఉండేది.

అప్పట్లో కడుపుతో ఉన్న పిల్లను ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని, బిడ్డకు ఆయుస్సు తగ్గుతుందని పెద్దవాళ్ల భయం. కొత్త దంపతులకేమో ఆ గాజుల చేతులు, ఆ పూలజడ ఫోటోలో చూసుకోవాలని ఆశ. మొగుడూ పెళ్లాలు స్టూడియోకు వచ్చి గుసగుసగా అడిగి పోయేవాళ్లు. తీరా నేను ఇంటికి వెళితే అత్తగారు గడప దగ్గరే నిలబెట్టి, మజ్జిగ ఇచ్చి, పంపించేసేది. మజ్జిగ తాగీ తాగీ నాకు విసుగొచ్చింది. ఈ చిక్కు విప్పే మాట నాకు ఒక శిల్పి దగ్గర దొరికింది.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు చాలామంది. నేను చెప్పే శిల్పి నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పని. ఊళ్లలో గుడి కట్టే పెద్దలకు చూపించుకోవడానికి తన విగ్రహాల ఆల్బం కావాలన్నాడు. నేను ఫ్లాష్ కొట్టి, ఎదురుగా నిలబడి, టకటకా తీసి ఇచ్చాను. ఫోటోలు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఏందన్నా ఇది? మా అమ్మవారు జొన్నరొట్టె మాదిరి పడింది."

"రాయి నీది, రొట్టె నాదా?" అని ఎగిరాను. నా పనికి వంక పెడితే నేను ఊరుకునే రకం కాదు.

అతను మాత్రం నవ్వి, మరుసటి రోజు పొద్దున్నే రమ్మన్నాడు. వెళ్లేసరికి షెడ్డుకు మూడు వైపులా గోనెపట్టాలు కట్టేసి, ఒక్క తూర్పు వైపే వదిలాడు. ఎండ పక్కనుంచి వచ్చి విగ్రహం మీద పడుతోంది. భుజాలు, బుగ్గలు, చేతిలో పద్మం, అన్నీ తేలి కనిపించాయి. "గుండ్రం ఎదురు వెలుగులో తెలీదన్నా. పక్కనుంచి రావల్ల" అన్నాడు. కర్నూలులో మూడేళ్లు ఒక స్టూడియోలో ఊడిగం చేసినా నాకు రాని విద్య అది. ఆ పూట నుంచి మేము స్నేహితులం. ఆ ఆల్బం చూసి బేతంచెర్ల నాపరాళ్ల పాలిషింగ్ వాళ్లు నన్ను పిలిచారు, నంద్యాల రైస్ మిల్లుల వాళ్లు పిలిచారు. బండలకూ బియ్యం బస్తాలకూ కూడా పక్క వెలుగు వేసి తీశాను. మెచ్చుకోని వాడు లేడు.

ఒకరోజు ఆ షెడ్డులో, అన్నీ చెక్కేసిన విగ్రహానికి కళ్లు మాత్రం ఎందుకు లేవని అడిగాను.

"ప్రతిష్ఠ పొద్దుకు తెరుస్తామన్నా. కండ్లు తెరిసేదాకా అది రాయే. రాయికి దిష్టి యాడిది?"

ఆ మాట పట్టుకున్నాను. తర్వాతి వారమే దొర్నిపాడులో ఒక శ్రీమంతానికి వెళ్లాను. మజ్జిగ గ్లాసు పట్టుకుని అడ్డం నిలబడిన అత్తగారితో అన్నాను: "అమ్మా, ఫోటో తీసేది ఇప్పుడు, కడిగేది పురుడు అయినాక. కడిగేదాకా అది ఉత్త రీలు. దాంట్లో ఏముందో నేను గూడా చూడలేను. ఎవురూ చూడనిదానికి దిష్టి ఎట్ల తగుల్తాది?"

ఆమె గ్లాసు నా చేతిలో పెట్టి పక్కకు జరిగింది. ఆ ఇంటి నుంచి ఈ మాట ఊళ్లకు ఊళ్లే పాకింది. ఒక ఇంటికి ఒక రీలు. శ్రీమంతానికి పోగా మిగిలిన ఫోటోలు ఆ ఇంటి ఎద్దులకూ, ట్రాక్టరుకూ, తాతకూ. పురుడు అయ్యిందని కబురు రాగానే రీలు తీసుకుని నంద్యాల బస్సెక్కి, కలర్ ల్యాబులో కడిగించి తెచ్చేవాణ్ని. బారసాలకు ఆల్బం సిద్ధం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బిడ్డ దక్కకపోతే ఆ రీలు ఏం కావాలి? ఆ సంగతి నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సి వచ్చింది నా శిల్పి ఇంట్లోనే.

అతని భార్య తొలి చూలు శ్రీమంతం నేనే తీశాను. సన్నగా, గలగలా మాట్లాడే పిల్ల. నన్ను అన్నా అని పిలిచేది, నా కోపాన్ని చూసి పకపకా నవ్వేది. తొమ్మిదో నెలలో బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. పక్షం రోజుల తర్వాత ఆ పిల్ల అత్త నా స్టూడియోకు వచ్చి చెయ్యి చాపింది. రీలు ఇచ్చేశాను. ఆమె నేరుగా పోయి కాలవలో వేసింది. అదే మంచిదనుకున్నాను. రెండోది ఆరో నెలలోనే పోయింది. దానికి శ్రీమంతమూ లేదు, రీలూ లేదు.

మూడోసారి కడుపు నిలిచినప్పుడు ఆ అత్త ఇంట్లో ఎవరినీ నోరెత్తనివ్వలేదు. గాజులు లేవు, పూలు లేవు, చుట్టాలకు కబురు లేదు. ఏడో నెలలో, ఎండలు మొదలైన రోజుల్లో, నంద్యాలలో డాక్టరుకు చూపించుకుని వస్తూ మొగుడూ పెళ్లాలు బస్టాండు నుంచి నేరుగా నా స్టూడియోకు వచ్చారు. ఆ పిల్ల బల్ల మీద కూర్చుని నీళ్లు తాగి, నిదానంగా అడిగింది.

"అన్నా, ఆ పొద్దు నువ్వు తీసిన రీలు మా అత్తకు ఎందుకిచ్చినావ్?"

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఇద్దురు పోయినారు. వాళ్లను మోసినానని చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదు. పుట్టిన బిడ్డను గూడా నాకు చూపీలేదు. ఆ రీల్లో ఉన్నింది ఒక్కటే. అదీ కాలవలో పాయె. ఈ బిడ్డ ఉంటాదో లేదో నాకు తెల్దు. నా కడుపున ఉన్నట్టు మాత్రం ఒక ఫోటో ఉండల్ల. ఉన్నా, పోయినా, కడిగి నా చేతికియ్యల్ల. మా అత్తకు గాదు."

నేను ఊరంతా డప్పు కొట్టుకున్న నా తెలివి ఆ పిల్లకు చేసిన అన్యాయం అది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఇస్తానమ్మా. ఏమైనా సరే, నీ చేతికే ఇస్తా" అన్నాను.

తలుపు ఒక రెక్క మూసి, ఒక రెక్క తెరిచాను. దాని ఎదురుగా, వెలుగు తిరిగి కొట్టేటట్టు, తెల్ల పంచె కట్టాను. ఫ్లాష్ తీసి బీరువాలో పెట్టాను. అంతకుముందు ఏ శ్రీమంతంలోనైనా నడుము పైభాగమే తీసేవాణ్ని, చెంగు కప్పించేవాణ్ని. ఆ రోజు చెంగు పక్కకు తీయమన్నాను. ఆమె తలుపు వైపు తిరిగి నిలబడింది. వెలుగు పక్కనుంచి వచ్చి ఆ కడుపు మీద పడింది. ఆళ్లగడ్డలో ఏ శిల్పీ అంత గుండ్రం చెక్కలేదు.

మొగుడు మాత్రం తాను చెక్కే రాళ్లకంటే బిగుసుకుపోయాడు. నా ముందు భార్యను తాకడానికి సిగ్గు. "చెయ్యి పెట్టప్పా, అది నీ బిడ్డే గదా" అని కసిరాను. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. ఆ పిల్లకు ఓపిక నశించి, అతని చెయ్యి పట్టి లాగి కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది కాబోలు, అతని ముఖం మారిపోయింది. అప్పుడు కెమెరా నొక్కాను. మొత్తం నాలుగు తీశాను. మిగిలిన రీలు ఖాళీగానే చుట్టేశాను, ఎద్దులూ లేవు, ట్రాక్టరూ లేదు.

మా వైపు ఎండలకు రేకుల కప్పు కింద రీళ్లు పాడైపోతాయి. అందుకని కడగని రీళ్లన్నీ బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల అంగడి నడిపే నా స్నేహితుడి ఫ్రిజ్‌లో, ఒక స్టీలు డబ్బాలో పెట్టేవాణ్ని. "సోడాల మధ్య శ్రీమంతాలేందప్పా" అని వాడు ఎగతాళి చేసేవాడు. ఈ రీలు కూడా అక్కడే పెట్టి, ఇది ఎవరిదో, ఎంత ముఖ్యమో వాడికి చెప్పాను. అంగడి వెనకే ఇల్లు. వాడి తల్లి అక్కడే కూర్చుని చింతపండు గింజ తీస్తూ ఉంది.

మే నెలలో వారం రోజులు కరెంటు సరిగా లేదు. వస్తే ఎక్కువ వచ్చింది, ఫ్రిజ్ కాలిపోయింది. తెలిసి పరుగెత్తాను. స్టీలు డబ్బాలో నీళ్లు నిలిచి ఉన్నాయి. నేను దాచుకున్న కొత్త రీళ్లు రెండు ఆ నీళ్లలో నాని ఉబ్బిపోయాయి. శ్రీమంతాల రీళ్లు నాలుగూ లేవు. వాటిలోనే ఉన్న శిల్పి రీలూ లేదు.

నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. పదేళ్ల స్నేహితుడిని, గిరాకీల ముందు, అనరాని మాటలన్నాను. ఎనిమిదో నెల నిండిన ఆ పిల్లకు ఏమని చెప్పాలి? రెండోసారి కూడా నా వల్లే పోయిందని చెప్పాలా?

లోపలి నుంచి వాడి తల్లి వచ్చింది.

"ఏందప్పా అట్ల అరుస్తాండావ్? నీకు బుద్ధుందా? కడుపుతో ఉన్న పిల్లోళ్లను తీస్కపోయి ఐసుపెట్టెలో పెడ్తారా ఎవురన్నా? సలవ చేస్తే తల్లికి జొరం, బిడ్డకు జలుబు. నువ్వు పెట్టిపోయిన పొద్దే తీసి లోపల పెట్టినా."

బియ్యం డబ్బా మూత తీసి, చెయ్యి మోచేతిదాకా దూర్చి, పసుపు రాసిన తెల్లగుడ్డ మూట పైకి తీసింది. పురుగు పట్టకుండా వేపాకు వేసి కట్టింది. నాలుగు రీళ్లూ పొడిగా, తేమ చుక్క లేకుండా ఉన్నాయి. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, ఆ తల్లి కాళ్లు మాత్రం పట్టుకున్నాను. ఆమె మూటను మళ్లీ బియ్యంలోకి తోసి, "పురుడు అయ్యేదాకా ఈడనే ఉండనీ" అంది. నా స్నేహితుడు నాతో మాట్లాడటానికి ఇంకో పది రోజులు పట్టింది. వాడి కోపం న్యాయమే.

జూన్‌లో ఒక ఉదయం శిల్పి నా స్టూడియోలోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని ముఖం చూసి నాకు మంచో చెడో అర్థం కాలేదు. తలుపు రెక్క పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. చివరికి, "ఆడపిల్లన్నా. ఏడుస్తాండాది. గట్టిగా ఏడుస్తాండాది. నంద్యాల ఆస్పత్రంతా ఇనపడుతాంది" అని తను కూడా గట్టిగా ఏడ్చాడు. ఇద్దరం కలిసి బియ్యం డబ్బా దగ్గరికి పోయి, రీలు తీసుకుని, నంద్యాల బస్సెక్కాం.

రెండున్నర నెలలు బియ్యంలో ఉన్న రీలులో ఏం మిగిలిందో నాకు తెలియదు. ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, ఆ షెడ్డులో కళ్లు తెరవని వాళ్లతో సహా. ల్యాబు అతను బయటికి వచ్చి, ఫోటో నా చేతికివ్వకుండా, ముందు తనే మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. "ఎవురు నేర్పించినారన్నా నీకీ లైటు?" అన్నాడు. నేను పక్కనున్నవాణ్ని చూపించాను.

ఆస్పత్రిలో ఆ ఫోటో మాట ఇచ్చినట్టే తల్లి చేతిలో పెట్టాను. ఆమె ఒక చేత్తో ఫోటోనూ, ఇంకో చేత్తో పాపనూ పట్టుకుని, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసుకుంది. మూలన నిలబడిన అత్త, మంచం దగ్గరికి వచ్చి తొంగి చూసింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె వేలితో ఫోటోలోని కడుపును తాకి, "నేను ఆరుగుర్ని మోసినానప్పా. నలుగురు మన్నులో ఉండారు. ఒక్కదానికీ గుర్తు లేదు" అంది. తర్వాత కోడలి తల మీద చెయ్యి పెట్టి, "మొదటిది కాలవలో ఏసింది తప్పేలే పాపా" అంది. ఆ గదిలో ఏడవనివాళ్లు ఎవరూ లేరు, పాపతో సహా.

మూడేళ్ల తర్వాత, ఒక సంత రోజు, స్టూడియో నిండా జనం ఉండగా అదే అత్త చిన్నకోడలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వెనకాల చిన్నకొడుకు సిగ్గుతో చస్తూ వచ్చాడు. ఆ పిల్లకు అప్పుడు ఐదో నెల. బల్ల మీదున్న గిరాకీలను లేపి తను కూర్చుని, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"కడుపు బాగా కనపడల్ల. వాని చెయ్యి గూడా పడల్ల. పురుడు గిరుడు అని కతలు చెప్పొద్దు, ఈ పొద్దే కడుగు. నా కోడలు మోస్తాండేది ఊరంతా చూడనీ."

తలుపు ఒక రెక్క మూసి, ఫోటో తీశాను. మధ్యాహ్నం బస్సుకు నంద్యాల పోయి కడిగించాను. సాయంత్రం ఆ ఫోటో చిన్నకోడలి చేతిలో పెట్టేసరికి, బిడ్డ పుట్టడానికి ఇంకా నాలుగు నెలలుంది.